పళ్ల విత్తనాల కిట్ రివ్యూ: పెట్టె బాగుంది, సగం గింజలు చచ్చే వచ్చాయి

ఏడు నెలలు వాడాక రాస్తున్న రివ్యూ ఇది. మొదటి వారంలోనే ఐదు స్టార్లు ఇచ్చేసి ఉంటే ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు, ఎందుకంటే ఇలాంటి వస్తువు పెట్టె విప్పిన రోజు ఉన్నంత అందంగా ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. ఆన్‌లైన్‌లో కొన్నాను. ఇంట్లోనే గింజ నుంచి పళ్ల చెట్లు పెంచుకోండి అనే టైపు కిట్. కంపెనీ పేరు రాయడం లేదు, అవసరం కూడా లేదు, ఇలాంటివి పది పేర్లతో దొరుకుతున్నాయి, ఫొటోలు చూస్తే లోపలి సరుకు దాదాపు ఇదే.

పెట్టెలో ఎనిమిది పొట్లాలు: మామిడి, పనస, బొప్పాయి, జామ, సీతాఫలం, ప్యాషన్ ఫ్రూట్, రంబుటాన్, మాంగోస్టీన్ (చివరి రెండూ ఆగ్నేయాసియా పళ్లు). వాటితో పాటు కొబ్బరిపొట్టు బిళ్లలు ఇరవై నాలుగు, పారదర్శకమైన మూత ఉన్న ప్లాస్టిక్ ట్రే, కింద పరిచే హీట్ మ్యాట్, చిన్న స్ప్రే సీసా, పేర్లు రాసి గుచ్చుకోవడానికి లేబుళ్లు, ఒక రంగుల పుస్తకం. లేబుళ్ల మీద పళ్ల పేర్లు ముందే అచ్చు వేసి ఉన్నాయి. మొదటి రోజే అన్నీ వరసగా గుచ్చేశాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఖాళీ మట్టి మీద ఎనిమిది పేర్లు నిలబడ్డాయి. హీట్ మ్యాట్ ప్లగ్ పెడుతుంటే మా అమ్మ చూసి, "ఒరేయ్, తిని పారేసిన టెంకలు వాటంతట అవే మొలుస్తాయి కదరా, వీటికి కరెంటు దుప్పటి ఏంటి?" అంది. నవ్వేశాను. ఆవిడ మాటే నిజమవుతుందని అప్పుడు తెలియదు.

అసలు ఫిర్యాదు దగ్గరికి వస్తాను. మామిడి పొట్లంలో రెండు టెంకలు ఉన్నాయి, శుభ్రంగా కడిగి, పీచు గీకి, ఎండబెట్టి, చూడటానికి బొమ్మల్లా ఉన్నాయి. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గలగలమంది. గిలక్కాయ కొనుక్కున్నానని అప్పుడే అర్థమైపోవాల్సింది. మామిడి టెంక లోపలుండే జీడి పచ్చిగా ఉన్నప్పుడు టెంక గోడలకి దాదాపు ఆనుకునే ఉంటుంది, ఎండి కుంచించుకుపోతే తప్ప అలా చప్పుడు చెయ్యదు. కత్తెరతో అంచు కత్తిరించి విప్పి చూస్తే లోపల ముడతలు పడిన గోధుమరంగు ముక్క, గోరుతో గుచ్చితే పొడి పొడిగా రాలింది. అయినా ఆశ కదా, రాత్రంతా నానబెట్టి పెట్టాను. పదో రోజుకి వాసన, పదిహేనో రోజుకి బూజు. పనస పిక్కలు మూడూ అంతే, రాయిలా గట్టిపడి వచ్చాయి, నానబెడితే మెత్తబడ్డాయి కానీ లోపల ప్రాణం లేదు. రంబుటాన్ గింజలు నాలుగు, మాంగోస్టీన్ మూడు, ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. మొత్తం పన్నెండు గింజలు, సున్నా మొలకలు.

మొదట తప్పు నాదే అనుకున్నాను. నీళ్లు ఎక్కువ పోశానా, వేడి తక్కువైందా అని రెండు వారాలు టెన్షన్ పడి, పొద్దునా సాయంత్రం మూత తీసి చూసి, ఒకసారైతే గింజ ఎలా ఉందో చూద్దామని తవ్వి మళ్లీ పాతిపెట్టాను (ఈ పని మాత్రం ఎవరూ చెయ్యొద్దు). ఆ తర్వాత కూర్చుని చదివితే విషయం తెలిసింది. గింజలు రెండు జాతులు. కొన్నింటిని బాగా ఎండబెట్టి, తేమ 5 శాతానికి దించి, చల్లగా దాచుకున్నా ఏళ్ల తరబడి బతుకుతాయి, వాటిని ఆర్థడాక్స్ గింజలంటారు. ఇంకొన్ని ఎండితే చాలు చచ్చిపోతాయి, వాటిది రికాల్సిట్రెంట్ రకం, అంటే మాట వినని మొండివి. 1973లో రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేర్లు ఇవి. మామిడి, పనస, రంబుటాన్, మాంగోస్టీన్, లిచీ, దురియన్, అవకాడో, కోకో, అన్నీ ఈ మొండి జాతే. వీటిలో చాలావి వానలు, వేడి ఏడాది పొడుగునా ఉండే అడవుల్లో పుట్టినవి కదా, పండు కింద పడిన కొద్ది రోజుల్లోనే మొలవడం వాటి అలవాటు, ఆగి ఎదురుచూడటం వాటికి చేతకాదు. రంబుటాన్ గింజని పండులోంచి తీసి అలా వదిలేస్తే వారం గడిచేసరికి దాని పని అయిపోయినట్టే. ఫ్రిజ్ చల్లదనం కూడా వీటిలో చాలావాటికి పడదు.

ఇక ఆ పుస్తకంలో ఏం రాశారో చూడండి: "విత్తనాలను పొడిగా, వీలైతే ఫ్రిజ్‌లో భద్రపరచండి." ఎనిమిది రకాలకీ కలిపి ఒకటే సలహా! రాసినవాళ్లకి తెలియదా, తెలిసీ రాశారా అన్నది నాకు అనవసరం, ఏ రకంగా చూసినా మాంగోస్టీన్ గింజని ఎండబెట్టి కాగితం పొట్లంలో అమ్మడమంటే చేపని ఎండబెట్టి అక్వేరియంలో వేసుకోమని ఇవ్వడమే.

ఇక్కడితో ఆగిపోతే ఇది కోపంతో రాసిన రివ్యూ అయ్యేది. కానీ ట్రే ఉంది, మ్యాట్ ఉంది, బిళ్లలు ఇంకా మిగిలాయి. సరే, మనం తినే పళ్ల గింజలే వేసి చూద్దాం, కిట్‌లో తప్పు ఎక్కడుందో తేలిపోతుంది అనుకున్నాను. తేలిపోయింది.

మామిడిపండు తిన్న రోజే టెంక కడిగి, ఒక్క రాత్రి మాత్రం నీడన ఆరనిచ్చాను, చేతిలో జారకుండా పట్టు దొరకడానికి అంతే. సన్నటి అంచు వైపు కత్తెర పెట్టి కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పోతే రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల జీడి చూడగానే తేడా తెలిసింది: లేత పచ్చ కలిసిన తెలుపు, చుట్టూ తడిగా పల్చటి గోధుమరంగు పొర, చేతిలో బరువుగా, చల్లగా. ఒక కొన దగ్గర వేరు మొన అప్పటికే మిల్లీమీటరు మేర పొడుచుకు వచ్చి ఉంది. (మామిడి జీడి పాలు పడని వాళ్లకి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, గ్లవ్స్ వేసుకుంటే మంచిది.) ఒంపు ఉన్న వైపు కిందకి, వీపు పైకి వచ్చేలా పడుకోబెట్టి అంగుళం మట్టి కప్పాను. కిట్‌లోని కొబ్బరిపొట్టు బిళ్ల ఈ జీడి కంటే చిన్నది! ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఏం కావాలి, ఆ బిళ్ల సైజు ఖరారు చేసిన మనిషి మామిడి జీడిని ఒక్కసారైనా చూసి ఉండడు. వేరే లోతైన డబ్బాలో వేసి మ్యాట్ మీద పెట్టాను. పన్నెండో రోజు మట్టి పగిలింది. పదహారో రోజుకి ఒకటి కాదు, మూడు మొలకలు, రాగి రంగు చిగుళ్లు వేలాడేసుకుని.

ఆ మూడు మొలకల గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే గింజ నుంచి పెంచేవాళ్లకి ఇది అసలు విషయం, పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. మామిడిలో కొన్ని రకాల టెంకల్లో ఒకే పిండం ఉంటుంది, అది తల్లి తండ్రి రెండిటి కలయిక, కాబట్టి పండు ఎలా ఉంటుందో కాసేదాకా ఎవరూ చెప్పలేరు. భారతదేశంలోని రకాలు ఎక్కువగా ఇలాంటివే. ఆగ్నేయాసియా రకాల్లో చాలావాటికి ఒకే టెంకలో చాలా పిండాలుంటాయి, వాటిలో ఎక్కువ భాగం తల్లి కణాల నుంచే నేరుగా పుట్టినవి, అంటే తల్లి చెట్టుకి నకళ్లు. అందుకని ఒకే టెంకలోంచి రెండు మూడు మొలకలు వస్తే సంతోషించాలి. అయితే వాటిలో ఒకటి కలయిక వల్ల పుట్టింది కూడా ఉండొచ్చు, కంటితో చూసి ఏది ఏదో ఖాయంగా చెప్పలేం. చాలామంది బక్కగా ఉన్నదాన్ని తీసేసి బలంగా ఉన్నవి ఉంచుకుంటారు, నేనూ అదే చేశాను, రెండు ఉంచాను. నిమ్మ, నారింజ జాతుల్లో కూడా ఈ వ్యవహారం ఉంది.

పనస తొనలు తిన్న మర్నాడే పిక్క పెట్టాను, పైన ఉండే జిగురు పొర ఒలిచేసి. మూడు వారాలకి పైకి ఏమీ కనిపించలేదు, ఇది కూడా పోయిందనుకుని ట్రే ఎత్తి చూస్తే అడుగున కన్నంలోంచి తెల్లటి వేరు, చిటికెన వేలంత పొడవు, మ్యాట్ మీద పాకుతోంది. పైన మొలక రాకముందే కింద తల్లివేరు దిగిపోతుంది దీనికి. ట్రే లోతు ఐదు సెంటీమీటర్లు. జామకి, బొప్పాయికి మొదటి నెల సరిపోతుంది గానీ పనసకి, మామిడికి, అవకాడోకి అది పళ్లెం కింద లెక్క. ఆ వేరు ఊడదియ్యడంలో కొన తెగింది. మొక్క చావలేదు గానీ నెల రోజులు అలిగి కూర్చుంది. రెండో పిక్కని పొడుగాటి సీసా మెడ కోసి, అడుగున కన్నాలు పెట్టి అందులో వేశాను, అది దీన్ని దాటేసి పోయింది.

మాంగోస్టీన్ గురించి రాయకుండా ఉండలేను. పండు అడుగున చిన్న పువ్వు గుర్తులాంటిది ఉంటుంది, దాని రేకులు లెక్కపెడితే లోపల ఎన్ని తొనలున్నాయో తెలిసిపోతుంది, కొయ్యకుండానే. ఆరు రేకులుంటే ఆరు తొనలు. కానీ అన్ని తొనల్లోనూ గింజ ఉండదు, పెద్ద తొన ఒకటో రెండో, వాటిలోనే పనికొచ్చే గింజ. మూడు పళ్లు తింటే నాకు నాలుగు గింజలు దొరికాయి, అందులో పెద్దవి రెండు. చిన్న గింజలకి బతికే అవకాశం తక్కువ, పెద్దవే వెయ్యాలి. గుజ్జంతా నోట్లోనే చప్పరించి, పీచు గోరుతో తీసి, గంట కూడా ఆరనివ్వకుండా తడి మట్టిలో పెట్టేశాను. ఇరవై ఆరో రోజు ఒకటి లేచింది. ముదురాకుపచ్చ రంగులో దళసరి ఆకులు రెండు, మెరుస్తూ. ఏడు నెలలకి దానికి ఎన్ని ఆకులో చెప్పమంటారా? నాలుగు. దీని వేరుకి నూగు ఉండదు, కొమ్మవేర్లు కూడా బలహీనం, అందుకే ఇంత నత్తనడక, కుండీ మార్చేటప్పుడు చెయ్యి కాస్త గట్టిగా తగిలినా అంతే సంగతులు. ఎండ నేరుగా పడకూడదు.

ఇక్కడో చమత్కారం. మాంగోస్టీన్ గింజ పరాగంతో పని లేకుండానే తయారవుతుంది, చెట్లన్నీ ఆడవే, కాబట్టి గింజ మొక్క తల్లిలాగే కాస్తుంది. అంటే ఈ ఎనిమిదిలో గింజ నుంచి పెంచడానికి నిజంగా అర్థం ఉన్నది, పండు ఎలా ఉంటుందో ముందే తెలిసేది, ఇదొక్కటే అనుకోవచ్చు. తీరా చూస్తే అది కూడా ఎండబెట్టి పొట్లంలో అమ్మడానికి పనికిరాదు. కాపుకి ఏడెనిమిదేళ్లు, పదేళ్లు కూడా పట్టొచ్చనేది వేరే సంగతి.

కిట్ పొట్లాల్లో మొలిచినవి లేవా అంటే ఉన్నాయి, అన్యాయంగా మాట్లాడకూడదు. బొప్పాయి ఇరవైకి పదమూడు వచ్చాయి, పద్దెనిమిది రోజుల్లో. బొప్పాయి గింజ రెండు జాతులకీ మధ్య రకం, ఓ మాదిరిగా ఎండినా తట్టుకుంటుంది. కంపెనీవాళ్లు గింజ మీది జిగురు సంచిని శుభ్రంగా తీసే పంపారు, దానికి మార్కులు వెయ్యాలి, ఎందుకంటే ఆ జిగురులో మొలకని ఆపే పదార్థాలుంటాయి. మీరు పండులోంచి తీసుకుంటే జల్లెడలో వేసి వేళ్లతో నలిపి, ప్రతి గింజ మీదా ఆ సంచి టప్‌మని పగిలి జారిపోయేదాకా నీళ్ల కింద రుద్దాలి. విసుగు పుట్టించే పనే గానీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

కానీ బొప్పాయి దగ్గర కూడా పుస్తకం చెప్పని మాట ఒకటి ఉంది. ఒక కుండీలో ఒక మొక్క పెట్టుకుని కాయల కోసం ఎదురుచూడమన్నారు. బొప్పాయిలో మగ చెట్లు, ఆడ చెట్లు, రెండూ ఉన్న చెట్లు అని మూడు రకాలు. మొలక చూసి ఎవరూ చెప్పలేరు, పువ్వు వచ్చాకే తెలుస్తుంది: పొడుగాటి కాడలకి గుత్తులుగా వేలాడితే పోతు, కాండానికి అంటుకుని ఒకటి రెండు పెద్ద పూలు వస్తే ఆడ లేదా రెండూ కలిసినది. అందుకే పెంచేవాళ్లు ఒకే చోట మూడు పెట్టి, పూత వచ్చాక అక్కర్లేనివి తీసేస్తారు. ఒక్క మొక్క పెంచుకుని చివరికి అది పోతు అని తేలితే ఆ పిల్లాడి ముఖం ఊహించుకోండి, ఇది పిల్లలకి గిఫ్ట్ అని పెట్టె మీద రాసి మరీ అమ్ముతున్నారు. నా దగ్గర ఇప్పుడు నాలుగున్నాయి, ఒకటి పోతని తేలిపోయింది, రెండింటికి మొగ్గ కాండానికి అంటుకుని కనిపిస్తోంది, నాలుగోది ఇంకా దాచుకుంది.

జామ బాగా మొలిచింది, నెలకి లేచాయి, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, దేన్నైనా తట్టుకునే మొక్క. ప్యాషన్ ఫ్రూట్ పదికి మూడు, అదీ రెండు నెలలు దాటాక. తాజా గింజ అయితే రెండు మూడు వారాల్లో వచ్చేది. పొట్లం మీద అది పసుపు రకమో ఊదా రకమో రాయలేదు, రాయాలి, ఎందుకంటే పసుపు రకానికి తన పుప్పొడి తనకి పనికిరాదు, కాయ కట్టాలంటే పక్కన ఇంకో మొక్క ఉండాలి. సీతాఫలం ఐదుకి రెండు, ఐదు వారాలకి. సీతాఫలం గింజ పెంకు గీకమని, పగలగొట్టమని పుస్తకంలో ఉంది. ఇది మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. ఆ గింజ లోపలి పప్పు విషం, పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పిల్లల చేతికిచ్చే పుస్తకంలో ఆ హెచ్చరిక లేకుండా ఎలా రాస్తారు? నానబెడితే చాలు, పగలగొట్టనక్కర్లేదు.

ఇక సామాను. హీట్ మ్యాట్ బాగుంది, ఏడు నెలల్లో ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఈ గింజలన్నింటికీ మట్టి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే హాయి, మ్యాట్ గది వేడి కంటే సుమారు 5 నుంచి 10 డిగ్రీలు పెంచుతుంది. చల్లటి రోజుల్లో ఇది వరమే. లోపం ఏంటంటే థర్మోస్టాట్ లేదు. గదే వెచ్చగా ఉన్నప్పుడు కూడా ఆన్ చేసి వదిలేస్తే గింజ ఉడుకుతుంది. నేను చిన్న థర్మామీటర్ ఒకటి మట్టిలో గుచ్చి, వేడి 30 దాటిన రోజుల్లో ప్లగ్ తీసేసేవాణ్ణి. పుస్తకంలో మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉంచమని ఉంది. ఈ పుస్తకాన్ని చదవకపోతేనే మొక్కలు బాగుంటాయని నాకు అప్పటికి నమ్మకం కుదిరింది.

మూత పెద్ద మోసకారి. మొలిచేదాకా బంగారం, లోపల తేమ పట్టి ఉంచుతుంది. మొలిచాక అదే శత్రువు. దానికి గాలి కన్నాలు లేవు. నాకు మొదట లేచిన బొప్పాయి మొలకలు, పచ్చగా, నిటారుగా, ఫొటోలు కూడా తీసుకున్నవి, ఒక రాత్రిలో ఆరు పడిపోయాయి. పొద్దున మూత తీస్తే మట్టి దగ్గర కాడ దారంలా సన్నబడి, నీరు పట్టినట్టు గోధుమరంగుకి తిరిగి, తల మాత్రం ఇంకా పచ్చగానే ఉండి పక్కకి ఒరిగిపోయాయి. నారుకుళ్లు. తేమ ఎక్కువై గాలి ఆడకపోతే మట్టిలోని శిలీంధ్రాల్లాంటివి చేసే పని ఇది, పడిపోయాక బతికించడం మన వల్ల కాదు. మిగిలిన ఏడూ మూత తీసెయ్యడం వల్ల, పైనుంచి స్ప్రే మానేసి ట్రే అడుగున నీళ్లు పోసి బిళ్లలే పీల్చుకునేలా చెయ్యడం వల్ల దక్కాయి. వాటిలో మూడు తెలిసినవాళ్లకి ఇచ్చేశాను. ఆ స్ప్రే సీసా ఇప్పుడు అద్దాలు తుడవడానికి వాడుతున్నాను, ఆ పనికి అద్భుతంగా ఉంది.

కొబ్బరిపొట్టు బిళ్లలు గోరువెచ్చటి నీళ్లలో వేస్తే కళ్లముందే ఉబ్బి లేస్తాయి, పిల్లలుంటే ఆ ఐదు నిమిషాలకే పెట్టె ఖరీదు గిట్టిపోతుంది. కానీ చుట్టూ ఉన్న వల గుడ్డ కరిగిపోతుందని, అలాగే నాటెయ్యమని రాశారు. కరగదు. ఐదు నెలల తర్వాత ఒక జామ మొక్క కుండీ మారుస్తూ చూస్తే వల చెక్కుచెదరకుండా ఉంది, వేర్లు లోపలే గుండ్రంగా చుట్టుకుని, కొన్ని వల కళ్లలోంచి దూరి అక్కడ నొక్కుకుపోయి సన్నగా తయారయ్యాయి. చిన్న కత్తెరతో వల కోసి తియ్యడానికి అరగంట పట్టింది. నాటే ముందే ఒలిచెయ్యండి. ఇంకో మాట, కొబ్బరిపొట్టులో మొక్కకి తిండి ఏమీ ఉండదు, గింజలోని సరుకు అయిపోయి రెండు మూడు అసలైన ఆకులు వచ్చేసరికి మంచి మట్టి, ఎరువు ఉన్న కుండీకి మార్చాలి. నేను ఆలస్యం చేసిన రెండు బొప్పాయి మొక్కల ఆకులు పాలిపోయాయి.

పుస్తకంలో చివరి పేజీ "ఏడాదిన్నరలో మీ సొంత పళ్లు". బొప్పాయి, ప్యాషన్ ఫ్రూట్ విషయంలో ఇది నిజమే కావచ్చు, బొప్పాయి అయితే ఇంకా ముందే. జామకి మూడు నాలుగేళ్లు అనుకోండి. గింజ మామిడి ఐదు నుంచి ఎనిమిదేళ్లు, రంబుటాన్ ఐదారేళ్లు, అదీ కాక రంబుటాన్ గింజ మొక్కల్లో మగవి కూడా వస్తాయి, అవి ఎన్నేళ్లున్నా కాయవు. నర్సరీల్లో అంటు కట్టేది ఇందుకే, కాపుకొచ్చిన చెట్టు కొమ్మ తెచ్చి ఇలాంటి గింజ మొలక మీదే కడతారు, ఆ కొమ్మకి వయసు ముందే వచ్చేసి ఉంటుంది కాబట్టి త్వరగా కాస్తుంది, పండు కూడా తెలిసిన పండే. అంటు మొక్క దొరికే చోట పండు కోసమే అయితే అదే కొనుక్కోండి, ఇందులో దాచడానికేం లేదు.

పండు ఎలా ఉంటుందో ముందే తెలియదు కాబట్టి గింజ మొక్క ఒక లాటరీ, కానీ లాటరీ తగలదని మాత్రం అనను. ప్రపంచమంతా తింటున్న హాస్ అవకాడో అలా తగిలిందే. కాలిఫోర్నియాలో లా హాబ్రా హైట్స్ అనే చోట రుడాల్ఫ్ హాస్ అనే ఆయన 1926లో గింజలు నాటి, వాటి మీద వేరే మంచి రకం అంటు కట్టబోతే ఒక మొక్క మీద అంటు అతుక్కోలేదు, పీకేద్దామనుకుని కూడా వదిలేశాడు. అది కాసిన కాయ బాగుందని 1935లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ తల్లి చెట్టు 2002 దాకా బతికింది. ఈ కథ చదివిన రోజు సాయంత్రం నేను కూడా ఒక అవకాడో గింజ కడిగి, బల్లపరుపుగా ఉన్న వైపు కిందకి పెట్టి, సగం బయటికి కనిపించేలా మట్టిలో కూర్చోబెట్టాను. టూత్‌పిక్‌లు గుచ్చి గ్లాసు నీళ్లలో వేలాడదీసే పద్ధతి కూడా పనిచేస్తుంది, వేరు రావడం కంటికి కనిపిస్తుంది, సరదా. కానీ నీళ్లలో పెరిగిన వేరు మట్టికి మారేటప్పుడు ఇబ్బంది పడుతుంది, నాకు మట్టే నయం అనిపించింది.

మరి కొనాలా వద్దా? ట్రే, మ్యాట్, బిళ్లలు విడిగా కొనుక్కోండి, లేదా ఈ కిట్టే సామాను కోసం కొనుక్కుని మామిడి, పనస, రంబుటాన్, మాంగోస్టీన్ పొట్లాలు పక్కన పడేసి, ఆ పళ్లు తిన్న రోజే గింజలు పెట్టండి. పండు కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే, చాలాకాలం కోల్డ్ స్టోరేజీలో ఉన్న పండు గింజకి ప్రాణం ఉంటుందని గ్యారంటీ లేదు. నా రేటింగ్ ఐదుకి రెండున్నర. సామానుకి రెండు, బొప్పాయి గింజలు శుభ్రంగా కడిగి పంపినందుకు అర. మొలవని నాలుగు పొట్లాలకి, పుస్తకానికి కలిపి ఏమీ లేదు.

కస్టమర్ కేర్‌కి రాశాను. పొట్లాల ఫొటోలు, తేదీలు, మూడు పేరాల ఉత్తరం, మామిడి టెంక గలగలమంటున్న వీడియో కూడా జత చేశాను. ఒక్క రోజులోనే మర్యాదగా జవాబిచ్చారు, అసౌకర్యానికి చింతిస్తున్నాం, కొత్త విత్తనాలు ఉచితంగా పంపుతున్నాం అని. ఎనిమిది రోజులకి కవరు వచ్చింది. రంబుటాన్ గింజలు నాలుగు, కాగితం పొట్లంలో, చక్కగా ఎండబెట్టి. ఇంకా విప్పలేదు. మొదటి రంబుటాన్ లేబుల్ మాత్రం వృథా కాలేదు, రెండో వైపు తిప్పి అవకాడో అని రాసి దాని కుండీలో గుచ్చాను, నిన్ననే గింజ మధ్యలో చీలిక కనిపించింది.